పదిహేడో ఏట నేరం, ఇరవై ఒకటో ఏట అంచనా: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను క్లినికల్ సైకాలజిస్టుని. జువైనల్ బోర్డులు, చిల్డ్రన్స్ కోర్టులు అడిగినప్పుడు నేరం కేసుల్లో ఉన్న పిల్లలతో మాట్లాడి, వాళ్ల మానసిక స్థితిని అంచనా వేసి రిపోర్టు రాసిస్తుంటాను. బెంచీ మీద ఎదురుచూసే తల్లిదండ్రులు, కొత్తగా ప్రాక్టీసు పెట్టిన లాయర్లు, ఎం.ఫిల్. చదివే పిల్లలు నన్ను అడిగేవి ఏళ్ల తరబడి దాదాపు ఇవే ప్రశ్నలు. వరండాలో నిలబడి రెండు ముక్కలు చెప్పి వచ్చిన ప్రతిసారీ, సగమే చెప్పానే అని మనసు పీకుతుంది. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. నేను చూసిన పిల్లల ప్రస్తావన వచ్చినచోట ఊరూ పేరూ తీసేశాను, గుర్తుపట్టే వివరాలు మార్చాను.

ఈ అంచనా ఎవరికి చేస్తారు? ఎప్పుడు చేస్తారు?

జువైనల్ జస్టిస్ చట్టం, 2015 ప్రకారం 18 నిండని వాళ్లందరూ పిల్లలే. వాళ్ల కేసులు జువైనల్ జస్టిస్ బోర్డుకి వెళ్తాయి. అక్కడ ఎంత పెద్ద నేరం రుజువైనా స్పెషల్ హోంలో ఉంచేది గరిష్ఠంగా 3 ఏళ్లు. అయితే 16 నిండి 18 నిండని పిల్లల మీద 'ఘోరమైన నేరం' కేసు పడితే దారి మారుతుంది.

అలాంటి పిల్లల్ని మాలాంటివాళ్లు చూసే సందర్భాలు రెండు. కేసు కొత్తలో, సెక్షన్ 15 కింద చేసే ప్రాథమిక అంచనా, అంటే ప్రిలిమినరీ అసెస్‌మెంట్ మొదటిది. పెద్దవాళ్లలా విచారించాలా వద్దా అని తేల్చడానికి బోర్డుకి అది కావాలి. విచారించాలనుకుంటే కేసుని చిల్డ్రన్స్ కోర్టుకి పంపుతుంది. పెద్దవాళ్లలా విచారించి శిక్ష వేశాక, 21 ఏళ్లు వచ్చినప్పుడు సెక్షన్ 20 కింద చేసేది రెండోది. మారాడా, బయటికి పంపొచ్చా, మిగతా శిక్షకి జైలుకే పంపాలా అన్నది అప్పుడు తేలుతుంది.

మొదటిదాని గురించి పేపర్లలో వస్తుంది. 2022లో జూబ్లీహిల్స్ సామూహిక అత్యాచారం కేసప్పుడు మన హైదరాబాద్‌లో టీ కొట్టు దగ్గర కూడా 'మైనర్లని మేజర్లుగా విచారించొచ్చా' అని వాదించుకున్నారు. రెండోదాని గురించి చాలామంది లాయర్లకే సరిగ్గా తెలియదు. ఒక మనిషి మిగతా జీవితం బయటో లోపలో తేలేది అక్కడే. నాకు బాధ కలిగించేది ఈ తేడాయే.

ఈ చట్టం ఎందుకు తెచ్చారు?

2012 డిసెంబర్‌లో ఢిల్లీ బస్సులో జరిగిన ఘోరంలో దోషుల్లో ఒకడికి 18 నిండలేదు. పాత చట్టం ప్రకారం 3 ఏళ్లు హోంలో ఉండి 2015 డిసెంబర్‌లో విడుదలయ్యాడు. దేశమంతా రగిలిపోయింది. ఆ రోజుల్లోనే, డిసెంబర్ 22న, రాజ్యసభ కొత్త బిల్లుని ఆమోదించింది. 2016 జనవరి 15 నుంచి చట్టం అమల్లోకి వచ్చింది. ఆ కోపం న్యాయమైనదే. కానీ ఒక్క కేసు వేడిలో పుట్టిన నిబంధన ఇప్పుడు వేరే రకం కేసుల పిల్లల మీదా పడుతోంది. అది కింది ప్రశ్నలో చెబుతాను.

మా వాడు హత్యలేం చేయలేదు. మరి 'ఘోరమైన నేరం' అంటున్నారేంటి?

చట్టం చూసేది సెక్షన్‌లో రాసిన కనీస శిక్షని. కనీసం 7 ఏళ్లు లేక అంతకంటే ఎక్కువ శిక్ష ఉన్న నేరమైతే అది ఘోరమైన నేరం. హత్య, సామూహిక అత్యాచారం ఎలాగూ ఇందులోకి వస్తాయి. వీటితోపాటు మన రాష్ట్రాల్లో బోర్డుల ముందుకి వచ్చే ఇంకో రెండు రకాల గురించి చెప్పాలి.

ఒకటి గంజాయి. 20 కిలోలు దాటితే దాన్ని కమర్షియల్ క్వాంటిటీ అంటారు, కనీస శిక్ష 10 ఏళ్లు. ఏజెన్సీ నుంచి బ్యాగు దాటించి పెడితే డబ్బులిస్తామంటే ఒప్పుకున్న కుర్రాడు బస్టాండులో దొరికితే, చట్టం దృష్టిలో అది ఘోరమైన నేరమే. బ్యాగు ఇచ్చినవాడు ఆ చుట్టుపక్కల కూడా ఉండడు. రెండోది ప్రేమ కేసులు. 17 ఏళ్ల అబ్బాయి, 16 ఏళ్ల అమ్మాయి ఇంట్లోంచి వెళ్లిపోతారు. అమ్మాయి తల్లిదండ్రులు కేసు పెడతారు. పోక్సో (పిల్లల మీద లైంగిక నేరాల చట్టం) కింద కనీస శిక్ష 10 ఏళ్లు. 18 లోపు సమ్మతికి చట్టంలో విలువ లేదు కాబట్టి అదీ ఈ లెక్కలోకే వస్తుంది.

హత్యాయత్నం మాత్రం రాదు, గమనించండి. దానికి గరిష్ఠ శిక్ష పెద్దదే అయినా కనీస శిక్ష 7 ఏళ్లని రాసి లేదు. సుప్రీంకోర్టు 2020 జనవరిలో ఈ సంగతి తేల్చింది, తర్వాత చట్టాన్నీ సవరించారు. లాయర్‌ని ముందుగా అడగాల్సిన ప్రశ్న ఇదే: ఈ సెక్షన్‌కి కనీస శిక్ష ఎంత?

మొదటి అంచనాలో ఏం చూస్తారు?

సెక్షన్ 15 నాలుగు సంగతులు అడుగుతుంది. అలాంటి నేరం చేయగల మానసిక శక్తి ఉందా, శారీరక శక్తి ఉందా, పర్యవసానాలు అర్థం చేసుకోగలడా, ఏ పరిస్థితుల్లో చేశాడని ఆరోపిస్తున్నారు.

శారీరక శక్తి గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. మానసిక శక్తి అంటే ఐక్యూ అనుకుని చాలామంది అక్కడే ఆగిపోతారు. నా అనుభవంలో అసలు కథంతా మూడోదాంట్లో ఉంటుంది.

ఒక పదిహేడేళ్ల కుర్రాడు గుర్తొస్తున్నాడు. చురుకైనవాడు, లెక్కలు నోటితో చేసేస్తాడు. 'కొడితే మనిషి చచ్చిపోతాడని తెలుసా?' అంటే తెలుసన్నాడు. రిపోర్టు అక్కడితో ముగించి ఉంటే 'పర్యవసానాలు తెలుసు' అని రాసేదాన్ని. ఇంకాసేపు కూర్చున్నాను. బెయిలంటే ఏంటని అడిగాను. 'బెయిలొస్తే కేసు అయిపోయినట్టే కదా మేడమ్' అన్నాడు. వచ్చే నెలలో ఐటీఐ అడ్మిషన్ ఉంది, ఆలోపు పంపేస్తారా అని నన్నే అడిగాడు. హత్య కేసు మీద పడ్డ పిల్లవాడు అడ్మిషన్ గురించి దిగులు పడుతున్నాడు. దెబ్బ తగిలితే రక్తం వస్తుందని తెలియడం వేరు. ఆ దెబ్బతో రెండు కుటుంబాలు ఏమైపోతాయో, పదేళ్ల తర్వాత తానెక్కడ ఉంటాడో ఊహించగలగడం వేరు.

2022 జులై 13న, గురుగ్రామ్ పాఠశాలలో ఒక విద్యార్థి హత్య కేసులో సుప్రీంకోర్టు ఇంచుమించు ఇదే చెప్పింది. పర్యవసానాలంటే అప్పటికప్పుడు జరిగేవే కావనీ, బాధితుడి కుటుంబానికీ, ఆ పిల్లవాడికీ, వాడి ఇంటివాళ్లకీ మున్ముందు జరిగేవి కూడా అందులోకి వస్తాయనీ స్పష్టం చేసింది.

నేరం చేశాడో లేదో తేలకముందే 'ఏ పరిస్థితుల్లో చేశావు' అని ఎలా అడుగుతారు?

చట్టంలోని పెద్ద చిక్కుముడి ఇదే. ఒకవైపు పిల్లవాణ్ని నిర్దోషి అనే అనుకోవాలి. ప్రిలిమినరీ అసెస్‌మెంట్ విచారణ కాదని సెక్షన్ 15 వివరణలోనే రాశారు. మరోవైపు నేరం చేసిన పరిస్థితుల గురించి చెప్పమంటారు.

నేను పాటించే పద్ధతి చెబుతాను. ఆ రోజు ఏం చేశావని నేను అడగను. ఆ రోజుకి ముందు ఆరు నెలలు ఎలా గడిచాయో అడుగుతాను. బడి ఎప్పుడు మానేశాడు, ఎందుకు మానేశాడు, రాత్రుళ్లు ఎక్కడ పడుకునేవాడు, దోస్తుల్లో పెద్దవాడెవరు, ఎవరి మాట కాదనలేడు, తాగుడు ఎప్పుడు మొదలైంది, ఇంట్లో ఎవరు ఎవర్ని కొడతారు. పరిస్థితులు ఇందులోంచే బయటికి వస్తాయి. పిల్లవాడు తనంతట తానే కేసు గురించి మొదలుపెడితే, 'ఇది నేను రాస్తే కోర్టువాళ్లు చదువుతారు, ముందు మీ లాయర్‌తో మాట్లాడు' అని ఆపుతాను. మొదటి పది నిమిషాల్లోనే ఈ సంగతి వాడికి అర్థమయ్యే తెలుగులో చెబుతాను. చెప్పి ఊరుకోకుండా, నేను చెప్పింది నువ్వు నాకు తిరిగి చెప్పు అంటాను. చాలామంది మొదటిసారి తప్పు చెబుతారు. 'నిజం చెబితే మీరు విడిపిస్తారు' అంటారు. మళ్లీ మొదట్నుంచీ చెబుతాను.

రిపోర్టులో 'నేరం ఒప్పుకున్నాడు' అని రాసే సైకాలజిస్టులు ఉన్నారు. అది మన పని కాదు. తోటి వృత్తివాళ్లకి చేతులు జోడించి చెబుతున్నాను, దయచేసి రాయకండి.

ఇది నార్కో టెస్టులాంటిదా?

కాదు. ఇంజక్షన్లు, మెషీన్లు ఏమీ ఉండవు. ఇష్టం లేకుండా నార్కో, పాలిగ్రాఫ్ లాంటివి ఎవరికీ చేయకూడదని 2010లోనే సుప్రీంకోర్టు తేల్చింది. ఇక్కడ ఉండేవి మాటలు, కొన్ని కాగితం మీద చేసే పరీక్షలు, బొమ్మలు చూపించి కథ చెప్పించడం లాంటివి.

ఎంతసేపు పడుతుంది? ఏ టెస్టులు చేస్తారు?

ఒక్క పూటలో అయిపోయిందంటే నాకు అనుమానమే. మొదటిరోజు పిల్లవాడు నోరు విప్పడు. హోంలో కొత్త, భయం, నిద్ర ఉండదు. కనీసం రెండు మూడుసార్లు కూర్చోవాలి. తల్లిదండ్రులతో విడిగా, వీలైతే బడి టీచర్‌తో ఒకసారి మాట్లాడాలి. పిల్లవాడి ఇల్లూ పరిస్థితుల గురించి ప్రొబేషన్ ఆఫీసర్ రాసిన సోషల్ ఇన్వెస్టిగేషన్ రిపోర్టు తప్పకుండా చదవాలి. పిల్లవాణ్ని బోర్డు ముందు మొదటిసారి నిలబెట్టిన 15 రోజుల్లో ఆ రిపోర్టు రావాలి. అంచనా మొత్తం 3 నెలల్లో పూర్తి కావాలని చట్టం అంటుంది. ఆ గడువు దాటినంత మాత్రాన అంచనా చెల్లకుండా పోదని 2024లో సుప్రీంకోర్టు చెప్పింది.

టెస్టుల విషయంలో కాస్త జాగ్రత్త కావాలి. మన దగ్గర పిల్లల తెలివితేటలు కొలవడానికి బాగా వాడే మాలిన్స్ పరీక్ష 15 ఏళ్ల వరకు ఉన్న పిల్లల కోసం తయారైంది. పదిహేడేళ్ల వాడికి అది పెట్టి మార్కులు వేస్తే ఆ అంకెకి అర్థమేముంది? వ్యక్తిత్వాన్ని కొలిచే ఎంఎంపీఐ లాంటి పెద్దవాళ్ల ప్రశ్నపత్రాలు 18 దాటినవాళ్లకి. ఇంగ్లిష్ ప్రశ్నని అప్పటికప్పుడు తెలుగులోకి తిప్పి అడిగితే దాని రంగూ రుచీ మారిపోతాయి. పాడేరు వైపు నుంచి వచ్చిన పిల్లవాడికి నా తెలుగే పరాయి భాష కావచ్చు, వాడింట్లో కువి మాట్లాడుకుంటూ ఉండొచ్చు. అలాంటప్పుడు దుబాసీ కావాలని బోర్డుని అడగాలి. అడిగితే ఆలస్యమవుతుందని మొహమాటపడకూడదు.

పదహారేళ్లకి మంచీ చెడూ తెలియదా?

తెలుసు. ఆ మాటకొస్తే పదేళ్లకే తెలుసు. తెలిసినదాని ప్రకారం ఆ క్షణంలో నడుచుకోగలగడం ఆలస్యంగా వస్తుంది.

ఇండియాతో సహా 11 దేశాల్లో, 10 నుంచి 30 ఏళ్ల వయసున్న 5 వేల మందికి పైగా మనుషుల మీద చేసిన ఒక అధ్యయనం 2019లో వచ్చింది. ప్రశాంతంగా కూర్చోబెట్టి ఆలోచించమంటే పదహారేళ్లవాళ్లు దాదాపు పెద్దవాళ్లలాగే ఆలోచిస్తున్నారు. ఆవేశాన్ని ఆపుకోవడం, తోటివాళ్ల ఒత్తిడి తట్టుకోవడం, రేపటిని లెక్కలోకి తీసుకోవడం మాత్రం 18 దాటాక కూడా ఇంకా ఎదుగుతూనే ఉన్నాయి. మెదడు ముందుభాగం పూర్తిగా ముదరడానికి ఇరవైలు సగం గడవాలి. అంతకుముందు 2005లో అమెరికాలో ఒక డ్రైవింగ్ ఆటతో ప్రయోగం చేశారు. పక్కన స్నేహితులు చూస్తుంటే టీనేజీ పిల్లలు తీసుకునే రిస్కు బాగా పెరిగిపోయింది. పెద్దవాళ్లలో అంత తేడా కనిపించలేదు.

దీన్నిబట్టి చూస్తే, ఆఫీసు గదిలో ఫ్యాన్ కింద కూర్చోబెట్టి ప్రశ్నలడిగి 'బాగా ఆలోచిస్తున్నాడు' అని రాయడంలో ఎంత ప్రమాదముందో అర్థమవుతుంది. ఆ గదిలో వాడు ఒక్కడే, ఎదురుగా నేనొక్కదాన్నే. ఆ రాత్రి వాడి చుట్టూ ఐదుగురున్నారు.

ఇది సైన్సు సగటు మాట. నా ఎదురుగా ఉన్న పిల్లవాడు సగటు కాదు కదా. ముందే ప్లాన్ చేసి, సాక్ష్యాలు దాచి, చల్లగా ఉండగలిగిన పదిహేడేళ్లవాళ్లనీ చూశాను. అది కనిపించినప్పుడు అదే రాశాను.

సైకాలజిస్టు రిపోర్టుతోనే అంతా తేలిపోతుందా?

లేదు. నిర్ణయం బోర్డుది. బోర్డులో ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సోషల్ వర్కర్లు ఉంటారు, వాళ్లలో కనీసం ఒకరు మహిళ. నిపుణుల సాయం 'తీసుకోవచ్చు' అనే చట్టంలో ఉంది. బోర్డు సభ్యుల్లో పిల్లల సైకాలజీ లేదా సైకియాట్రీ చదివి ప్రాక్టీసు చేసేవాళ్లు లేకపోతే నిపుణుల సాయం తీసుకుని తీరాలని పైన చెప్పిన గురుగ్రామ్ కేసు తీర్పు అంది.

బోర్డు నిర్ణయం మీద సెషన్స్ కోర్టుకి అప్పీలు చేసుకోవచ్చు. గడువు 30 రోజులు. అప్పీల్లో కోర్టు వేరే నిపుణుల అభిప్రాయం అడగొచ్చు. ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోండి. బోర్డు కేసుని చిల్డ్రన్స్ కోర్టుకి పంపినా, పెద్దవాడిలా విచారించాల్సిన అవసరం నిజంగా ఉందా అని ఆ కోర్టు మళ్లీ చూసుకోవాలి. అక్కడ కూడా వాదించడానికి మీ లాయర్‌కి అవకాశం ఉంటుంది.

శిక్ష పడితే వెంటనే జైలుకి పంపుతారా?

పంపరు. 21 వచ్చేదాకా ప్లేస్ ఆఫ్ సేఫ్టీ అనే చోట ఉంచాలి. అది జైలూ కాదు, లాకప్పూ కాదు. చదువు, చేతిపని, కౌన్సెలింగ్ అక్కడ ఉండాలి. కోర్టు తీర్పులోనే పిల్లవాడి బాగు కోసం ఒక కేర్ ప్లాన్ ఉండాలి. ఉరిశిక్ష గానీ, విడుదలకి ఆస్కారమే లేని యావజ్జీవం గానీ వేయకూడదు.

21 ఏళ్లప్పుడు ఏం చూస్తారు?

చట్టం అడిగేది రెండు ముక్కలు: మనిషిలో మార్పు వచ్చిందా, సమాజానికి పనికొచ్చేలా బతకగలడా. ఏటేటా వచ్చే ప్రొబేషన్ ఆఫీసర్ రిపోర్టులూ, నిపుణుల అంచనా చూసి కోర్టు నిర్ణయిస్తుంది. షరతులతో, ఎవరైనా కనిపెట్టుకుని ఉండేలా ఏర్పాటు చేసి విడుదల చేయొచ్చు. లేదంటే మిగిలిన శిక్షకి జైలుకి పంపొచ్చు.

ఈ పనిలో కష్టమేంటంటే, ఒకే కుర్చీలో ఇద్దర్ని చూడాలి. నేరం నాటి పదిహేడేళ్లవాడు, ఈ రోజు ఎదురుగా ఉన్న ఇరవై ఒక్కేళ్లవాడు. మొదటివాడు ఇప్పుడు లేడు, వాణ్ని కాగితాల్లో వెతుక్కోవాలి.

ఒక కుర్రాణ్ని చూడమని పిలిచారు. ఫైలు పైన పాత ఫొటో ఉంది, సన్నటి మెడ, వదులు కాలరు. ఎదురుగా గడ్డం పెరిగిన మనిషి, గోళ్ల సందుల్లో గ్రీజు. ఫైల్లో నాలుగేళ్ల రిపోర్టులున్నాయి. నాలుగింట్లోనూ ఒకటే వాక్యం: 'ప్రవర్తన సంతృప్తికరముగా ఉన్నది.' తేదీలు మారాయి, కింద సంతకాలు మారాయి. ఆ వాక్యం కామాతో సహా అలాగే ఉంది. నాలుగేళ్ల జీవితం గురించి కోర్టు చేతిలో ఉన్నది అదొక్కటే.

వర్క్‌షాపులో పని నేర్పే మాస్టారు దగ్గరికి వెళ్లి కూర్చున్నాను. టీ తెప్పించి, కాసేపు ఆలోచించి ఒక సంగతి చెప్పారు. రెండేళ్ల కిందట ఒక కొత్త కుర్రాడు డ్రిల్లింగ్ మిషన్ పాడుచేసి నేరం వీడిమీదకి తోశాడు. మాస్టారు అందరి ముందూ వీణ్నే తిట్టారు. వీడు పళ్లు బిగించి బయటికి నడిచాడు. ట్యాపు కింద తలపెట్టి చాలాసేపు ఉన్నాడు. మళ్లీ వచ్చి తన బెంచీ దగ్గర పనిలో కూర్చున్నాడు. మర్నాడు పొద్దున వచ్చి, 'సార్, అది నేను చేయలేదు, నిన్న చెబితే కొట్టుకునేవాళ్లం' అన్నాడట. చిన్నమాటకి కత్తి తీసి కేసులో ఇరుక్కున్న కుర్రాడు వీడే.

ఆ రోజు తేదీ వర్క్‌షాప్ రిజిస్టర్‌లో రిపేరు ఖర్చు పక్కన దొరికింది. రిపోర్టులో ఆ తేదీతో సహా రాశాను. మార్పుకి రుజువంటే ఇలాంటిదే. సర్టిఫికెట్లూ కావాలి, కాదనను. కోపం వచ్చినప్పుడు ఏం చేశాడు, ఎవరూ చూడనప్పుడు ఎలా ఉన్నాడు, తనకంటే చిన్నవాళ్లతో ఎలా మసిలాడు అన్నవి మాత్రం ఏ సర్టిఫికెట్టులోనూ ఉండవు. హోం సిబ్బందికి, ప్రొబేషన్ ఆఫీసర్లకి నా మనవి ఒక్కటే. ఏడాదికి రెండు సంఘటనలైనా తేదీ వేసి రాసి పెట్టండి. మంచివీ, చెడ్డవీ.

మా వాడు ఇప్పటికీ నేను చేయలేదనే అంటున్నాడు. పశ్చాత్తాపం లేదని రాసేస్తారా?

చాలామంది రాసేస్తారు, అది తప్పు. కోర్టు దోషి అన్నాక ఆ తీర్పుని తిరగదోడే హక్కు నాకు లేదు. అలాగని ఒప్పుకుంటేనే మారినట్టు అని చట్టంలో ఎక్కడా లేదు. పైకోర్టులో అప్పీలు నడుస్తుంటే ఒప్పుకోవద్దని లాయరే చెప్పి ఉంటాడు. నేను వేరేవి చూస్తాను. పోయిన మనిషి గురించి మాట్లాడేటప్పుడు గొంతు ఎలా ఉంది, వాళ్లింట్లో వాళ్ల గురించి ఎప్పుడైనా ఆలోచించాడా, అప్పటి స్నేహాల గురించి ఇప్పుడేమంటాడు. నేరం ఒప్పుకోనివాడికి కూడా ఇవన్నీ ఉండొచ్చు. ఒప్పుకున్నవాడికి ఏవీ లేకపోవచ్చు.

ముందే నేర్పించి పంపితే నటించొచ్చు కదా?

నేర్పించిన చిలకపలుకులు తెలిసిపోతాయి. 'నేను చేసిన తప్పుకి పశ్చాత్తాపపడుతున్నాను మేడమ్' అని ఇరవై ఏళ్ల కుర్రాడు గ్రాంథికంలో మొదలుపెట్టాడంటే ఎవరో కంఠతా పట్టించారని అర్థం. తల్లిదండ్రులకి చెబుతున్నాను, నేర్పించకండి. వాడి సొంతమాట వంకరగా ఉన్నా దానికే విలువ. పైగా నేను ఒక్క మాటని నమ్మి రాయను. వాడు చెప్పింది, ఇంట్లోవాళ్లు చెప్పింది, హోంలో వాళ్లు చెప్పింది, రికార్డులో ఉన్నది పక్కపక్కన పెట్టి చూస్తాను. ఎక్కడ కలవలేదో అక్కడ మళ్లీ అడుగుతాను.

మళ్లీ నేరం చేయడని మీరు రాసివ్వగలరా?

ఇవ్వలేను. ఎవరూ ఇవ్వలేరు, ఇస్తామన్నవాళ్లని నమ్మకండి. మేం చెప్పగలిగింది ఏయే పరిస్థితుల్లో ప్రమాదం పెరుగుతుంది, వేటివల్ల తగ్గుతుంది అనే. టీనేజీ పిల్లల్లో హింసకి దిగే ప్రమాదాన్ని అంచనా వేసే సేవ్రీ అనే పద్ధతిలో 24 ప్రమాద కారణాలతో పాటు కాపాడే అంశాలు 6 ఉంటాయి. అది 12 నుంచి 18 ఏళ్లవాళ్లకి, 21 దగ్గరికొచ్చేసరికి పెద్దవాళ్ల పద్ధతులు వాడాలి. ఏది వాడినా అవి మన పిల్లల మీద తయారైనవి కావు, కాబట్టి అంకె కన్నా వివరణ ముఖ్యం. 'పాత గుంపు ఉన్న వీధికే తిరిగి వెళ్తే ఇబ్బంది, వేరే ఊళ్లో మేనమామ దగ్గర ఏసీ మెకానిక్ పని సిద్ధంగా ఉంది' అని రాస్తే కోర్టుకి దాంతో చేయడానికి ఏదో ఉంటుంది. 'రిస్కు మధ్యస్థం' అని రాస్తే ఏముంటుంది?

వేరే దేశాల్లో ఇలాంటివి ఉన్నాయా?

అమెరికాలో ఈ పని చాలా పెద్ద ఎత్తున జరిగింది. అక్కడ 18 లోపు చేసిన హత్యలకి, ఇక ఎప్పటికీ బయటికి రాకుండా యావజ్జీవం వేసేవాళ్లు. మైనర్లకి మరణశిక్ష వద్దని అక్కడి సుప్రీంకోర్టు 2005లో అంది. 2012లో మిల్లర్ కేసులో, పిల్లలకి ఆ యావజ్జీవాన్ని తప్పనిసరి చేసే చట్టాలు చెల్లవని చెప్పింది. 2016లో మాంట్‌గోమరీ కేసులో, పాత ఖైదీలకీ అది వర్తిస్తుందని తేల్చింది. దాంతో 2 వేల మందికి పైగా ఖైదీల శిక్షల్ని మళ్లీ చూడాల్సి వచ్చింది.

అప్పుడు సైకాలజిస్టుల ముందుకి వచ్చినవాళ్లు నలభై, యాభై ఏళ్ల మనుషులు. వాళ్లు పదహారో ఏట ఎలా ఉండేవాళ్లో పాత బడి రికార్డులు, ఆస్పత్రి కాగితాలు, ముసలైపోయిన అక్కచెల్లెళ్ల జ్ఞాపకాలు తవ్వి చెప్పాలి. మిల్లర్ తీర్పు చూడమన్నవి అపరిపక్వత, ఇంటి వాతావరణం, నేరంలో పాత్ర, తోటివాళ్ల ఒత్తిడి, పోలీసుల ముందు, కోర్టులో తన తరఫు తాను చెప్పుకోలేకపోవడం, మారే అవకాశం. మన సెక్షన్ 15లో 'పరిస్థితులు' అన్న ఒక్క మాటని విప్పి చెప్పినట్టుంటుంది ఆ జాబితా. నేను నా నోట్సులో అదే వరస పెట్టుకున్నాను. 2021లో జోన్స్ కేసులో అదే కోర్టు కొంచెం వెనక్కి తగ్గింది. 'వీడు ఎప్పటికీ మారడు' అని జడ్జి విడిగా తేల్చనక్కర్లేకుండానే ఆ శిక్ష వేయొచ్చంది.

1963లో పదిహేడేళ్లకి అరెస్టయిన మాంట్‌గోమరీ బయటికి వచ్చింది 2021 నవంబర్‌లో, 75 ఏళ్ల వయసులో. ఫిలడెల్ఫియాలో అలా విడుదలైన 174 మంది గురించి 2020లో ఒక అధ్యయనం వచ్చింది. మళ్లీ నేరం రుజువైనవాళ్లు నూటికి ఇంచుమించు ఒక్కరు. వాళ్లంతా దశాబ్దాలు జైల్లో గడిపి వయసు మళ్లినవాళ్లు కాబట్టి ఆ లెక్కని నేరుగా మన ఇరవై ఒక్కేళ్లవాళ్లకి అంటగట్టను. 'ఇలాంటివాళ్లు జన్మలో మారరు' అని ఎవరైనా అన్నప్పుడు మాత్రం నాకు ఆ 174 మంది గుర్తొస్తారు.

చనిపోయినవాళ్ల ఇంటివాళ్ల సంగతి ఎవరికీ పట్టదా?

ఈ ప్రశ్న నన్ను కోర్టు వరండాలో ఒక తండ్రి అడిగారు. ఆయన కూతురు పోయింది. నేను అవతలి పిల్లవాడి కోసం వచ్చానని తెలిసి అడిగారు. ఆ రోజు నా దగ్గర జవాబు లేదు, ఈ రోజు కూడా ఆయన చెవికి ఎక్కే జవాబు లేదు. నేను రాసే రిపోర్టు ఆయన దుఃఖాన్ని తగ్గించదు. నేను చేయగలిగింది ఒక్కటి. ఉన్నది ఉన్నట్టు రాయడం. కష్టాల బాల్యం కనిపిస్తే రాస్తాను, దాన్ని నేరానికి సాకుగా మార్చను. క్రూరత్వం కనిపిస్తే దాన్నీ మెత్తబరచను. జాలిపడి అబద్ధం రాస్తే ఆ తండ్రికీ, ఆ పిల్లవాడికీ ఇద్దరికీ అన్యాయం చేసినట్టే.

జైలుకి వెళ్లి ఏళ్లు గడిచాక, నేరం నాటికి మైనర్ అని తెలిస్తే?

ఎప్పుడైనా చెప్పొచ్చు. తీర్పు వచ్చి, అప్పీళ్లన్నీ అయిపోయాక కూడా. మహారాష్ట్రలో ఉరిశిక్ష పడ్డ ఒక ఖైదీ నేరం నాటికి 12 ఏళ్ల పిల్లవాడని 2023 మార్చిలో తేలింది. బడి రిజిస్టరే ఆధారం. అప్పటికి జైల్లో 28 ఏళ్లు గడిచిపోయాయి. 2025 జనవరిలో, నేరం నాటికి 14 ఏళ్లున్న ఇంకొకర్ని దాదాపు 25 ఏళ్ల తర్వాత సుప్రీంకోర్టు విడిచిపెట్టింది.

వయసుకి ముందుగా చూసేది బడి సర్టిఫికెట్టు, పదో తరగతి మెమో. అవి లేకపోతే పంచాయతీ లేదా మున్సిపాలిటీ ఇచ్చిన పుట్టినతేదీ పత్రం. ఏవీ లేకపోతేనే ఎముకల పరీక్ష. మన ఊళ్లలో బడిలో వేసేటప్పుడు ఏడాది అటూ ఇటూ రాయించడం మామూలే, ఆ ఏడాదే ఇక్కడ ప్రాణం మీదకి తెస్తుంది.

ఇలాంటివాళ్ల విడుదలకి సైకాలజిస్టు అంచనా అక్కర్లేదు, వయసు తేలితే చాలు. బయటికి వచ్చాక మాత్రం మా అవసరం చాలా ఉంటుంది. పన్నెండో ఏట లోపలికి వెళ్లిన మనిషికి రోడ్డు దాటడం, ఫోన్ వాడటం, తలుపు లోపలినుంచి గడియ పెట్టుకుని పడుకోవడం అన్నీ కొత్తే.

రిపోర్టు ఎవరెవరు చూస్తారు?

అది రహస్య పత్రం. అందులోని సారాంశాన్ని బోర్డు పిల్లవాడికీ తల్లిదండ్రులకీ తెలియజేయొచ్చు, అడగండి. పిల్లవాడి పేరు, ఫొటో, బడి పేరు బయటపెడితే 6 నెలల దాకా జైలు, 2 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. వాట్సాప్ గ్రూపులో ఫార్వర్డ్ చేసేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

అంచనాకి పిలిచారు. మేం ఏం తెచ్చుకోవాలి?

స్టడీ సర్టిఫికెట్, మార్కుల మెమోలు, టీకాల కార్డు ఉంటే అది. చిన్నప్పుడు ఫిట్సు వచ్చినా, తలకి దెబ్బ తగిలినా ఆ ఆస్పత్రి చీటీలు. పాతవనీ చిరిగాయనీ పారేయకండి. ఎక్కడైనా పనికి వెళ్లి ఉంటే ఆ యజమాని ఫోన్ నంబర్. 21 ఏళ్ల అంచనా అయితే, బయటికి వస్తే ఎక్కడ ఉంటాడో, ఏ పని చేస్తాడో, ఎవరు చూసుకుంటారో ఒక కాగితం మీద రాసి, ఆ మనుషుల్ని కూడా వెంటబెట్టుకు రండి. ఇంట్లో తాగుడు, కొట్లాటలు ఉంటే పరువు పోతుందని దాచకండి. మీరు దాచింది వాడికి పనికొచ్చే సంగతే కావచ్చు.

లాయర్‌ని పెట్టుకునే స్తోమత లేకపోతే 15100కి ఫోన్ చేయండి. జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ని ఇస్తుంది. మీ అబ్బాయికి ఏ తేదీన 21 నిండుతుందో క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకుని, దానికి ఆరు నెలల ముందే ఆ లాయర్‌తో చిల్డ్రన్స్ కోర్టులో ఒక అర్జీ పెట్టించండి.